ఇద్దరు మిత్రులు, ఎనిమిది కొండలు

మన సినిమాల్లో హీరోగారి స్నేహితుడి ఆయుర్దాయం ఎంత? ఇంటర్వెల్ దాకా జోకులు, ఇంటర్వెల్ తర్వాత ఒక తూటా! హీరోకి తగలాల్సిన తూటాకి తను అడ్డం పడతాడు. హీరో వొడిలో తల పెట్టుకుని నాలుగు ముక్కలు మాట్లాడి కళ్ళు మూస్తాడు. హాల్లో మనం జేబురుమాళ్ళు తీస్తాం. ఆట వదిలాక "స్నేహమంటే అదిరా!" అనుకుంటూ బండి స్టాండు వైపు నడుస్తాం.

వెక్కిరిస్తున్నాననుకునేరు! నేనూ ఆ జేబురుమాలు జట్టులోవాణ్ణే. 1974లో "నిప్పులాంటి మనిషి" వచ్చింది. పోలీసు ఆఫీసరుగా ఎన్.టి.రామారావుగారూ, ముందు తగువు పడి తర్వాత ప్రాణస్నేహితుడయ్యే పఠానుగా సత్యనారాయణగారూ పోటీలు పడి నటించారు. మరుసటేడు 1975లో హిందీ "షోలే" వచ్చింది. జయ్ నాణేనికి రెండు వైపులా ఒకటే బొమ్మ వుందని వీరూకి తెలిసే ఘట్టం గుర్తుందా? ఆ ఒక్క బిళ్ళ ఎంతమంది చేత కంటతడి పెట్టించిందో! స్నేహితుడంటే ప్రాణం ఇచ్చేవాడు అని మనకి పాఠం చెప్పినవి ఆ సినిమాలే.

అయితే నాకో సందేహం. మన బతుకుల్లోకి తూటాలు రావు గదా! వస్తే గిస్తే ఉద్యోగాలొస్తాయి, బదిలీలొస్తాయి, పెళ్ళిళ్ళొస్తాయి, వీసాలొస్తాయి, అప్పులొస్తాయి. ఒకడు ఊళ్ళో వుండిపోతాడు, ఒకడు రైలెక్కుతాడు. ప్రాణం ఇవ్వాల్సిన అవసరం ఒక్కరోజూ రాదు. మరప్పుడు ఆ స్నేహం దేనితో బతకాలి? ఈ ప్రశ్నకి సినిమా హాల్లో నాకు జవాబు దొరకలేదు. ఒక నవల్లో దొరికింది. ఆ నవల సినిమా కూడా అయింది కాబట్టి ఈ పేజీలో దానికి చోటిస్తే ఎడిటరుగారు కోప్పడరనుకుంటాను!

నవల పేరు "ఎనిమిది కొండలు". రాసినవాడు పావొలో కొన్యెత్తి. దేశం ఇటలీ, ఊరు మిలాన్, పుట్టింది 1978లో. నవల 2016లో ఇటాలియన్ భాషలో అచ్చయింది. 2017లో ఆ దేశంలో కథాసాహిత్యానికిచ్చే పెద్ద బహుమతి "స్త్రేగా" దీనికే దక్కింది. అక్కణ్ణుంచి ముప్పైకి పైగా భాషల్లోకి వెళ్ళింది. ఇంగ్లీషులో దొరుకుతుంది. చూడబోతే బక్కపల్చటి పుస్తకం, రెండు వందల పేజీలకి అటూ ఇటూ. డిగ్రీ చదివే కుర్రాడు రెండు రాత్రుళ్ళలో ముగించెయ్యొచ్చు. ముగించాక మాత్రం అది అంత తొందరగా మనల్ని వదలదు.

పట్నం అబ్బాయి, పశువుల అబ్బాయి

కథ చెప్పేవాడు పియెత్రో. మిలాన్ నగరంలో పెరుగుతున్న ఒంటరి పిల్లాడు. తండ్రి జొవాన్ని ఫ్యాక్టరీలో కెమిస్టు. పట్నంలో వున్నంతసేపూ ఆయనకి చిరాకు, కోపం. కొండ కనిపించిందా, మనిషే మారిపోతాడు. ఎక్కడం మొదలెడితే ఆగడు, వెనక్కి చూడడు, శిఖరం చేరేదాకా ఇంకో మాట లేదు. తల్లికి శిఖరాలతో పని లేదు. అడవీ, పూలూ, ఊరివాళ్ళ కష్టసుఖాలూ వుంటే చాలు. వేసవి సెలవులకి వాళ్ళు ఆల్ప్స్ పర్వతాల్లో గ్రానా అనే చిన్న ఊళ్ళో ఇల్లు అద్దెకి తీసుకుంటారు. ఊరి పేరు రచయిత పెట్టుకున్నదే గాని, చోటు మాత్రం నిజమైనదే. ఇటలీ దేశపు వాయవ్య మూలన వాల్ దావోస్తా అనే కొండ ప్రాంతం. తలెత్తి చూస్తే మోంతె రోజా పర్వతం. దాని పెద్ద శిఖరం ఎత్తు 4,634 మీటర్లు. ఏడాది పొడుగునా నెత్తిన మంచు కిరీటమే.

1980లలో ఒక వేసవి అది. పియెత్రోకి పదకొండు పన్నెండేళ్ళు. గ్రానాలో మనుషులే తక్కువ. కుర్రకారంతా పనులు వెతుక్కుంటూ కిందికి దిగిపోయారు. మిగిలిన ఒకే ఒక్క పిల్లాడు బ్రూనో, బాబాయి ఆవుల్ని కాసుకుంటూ తిరుగుతుంటాడు. పట్నం పిల్లాడికి ఆ ఏరూ, ఆ గట్లూ, ఆ పాడుబడ్డ ఇళ్ళూ చూపించినవాడు వాడే. పియెత్రోని అక్కడి యాసలో "బెరియో" అని పిలుస్తాడు. బెరియో అంటే రాయి. పియెత్రో అన్నా రాయే! స్నేహితుడు పెట్టిన పేరుకి రేషన్ కార్డులో చోటుండదు గాని, చచ్చేదాకా మనల్ని నిలబెట్టి వెనక్కి తిప్పే పేరు అదే. అవునా, కాదా?

ఒకసారి తండ్రి ఈ పిల్లలిద్దర్నీ హిమానీనదం మీదికి తీసుకెళతాడు. అంటే గడ్డకట్టి మెల్లగా జరిగే మంచునది. అంత ఎత్తున గాలి పల్చబడుతుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది, తల బద్దలవుతుంది. మంచులో ఒక చీలిక అడ్డొస్తుంది. సొంత కొడుక్కి వొళ్ళు తూలిపోతుంది. పక్కింటి కుర్రాడు మాత్రం ఆయన వెనకాల పుట్టుకతో కొండవాడిలా నడుస్తాడు. ముగ్గురూ వెనక్కి తిరుగుతారు. ఎవ్వరూ ఎవ్వర్నీ ఏమీ అనరు. కానీ తండ్రి కళ్ళలో ఎవరు కొడుకులా కనపడుతున్నాడో పిల్లాడికి అర్థం కాకుండా వుంటుందా?

తర్వాత పియెత్రో తల్లిదండ్రులు బ్రూనోని పట్నం తీసుకెళ్ళి చదివిస్తామంటారు. బ్రూనో కన్నతండ్రి వొప్పుకోడు. పిల్లాణ్ణి తాపీపనిలో పెట్టేస్తాడు. ఇద్దరు స్నేహితుల దారులూ అక్కడ చీలాయి. ఒకడు పలక పట్టుకున్నాడు, ఒకడు తాపీ పట్టుకున్నాడు. మీసాలొచ్చే వయసులో పియెత్రో తండ్రి మీద తిరగబడి, ఇక నీతో కొండలెక్కనని మొండికేస్తాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తండ్రీకొడుకుల మధ్య మాటలు కరువు. మన ఇళ్ళలో లేవా ఇట్లాంటివి? ఒకే ఇంట్లో అన్నం తింటూ, అమ్మ చేత కబుర్లు పంపించుకునే తండ్రీకొడుకులు!

ఒక వేసవి, నాలుగు గోడలు

పియెత్రోకి ముప్పై ఏళ్ళు దాటాక తండ్రి చనిపోతాడు. ఆస్తి ఏమిచ్చాడయ్యా అంటే, కొండమీద, చెరువుకి దగ్గర్లో కూలిపోయిన ఒక రాతి గూడు. ఆ చోటు పేరు బార్మా. అక్కడ ఇల్లు కడతానని బ్రూనో పెద్దాయనకి మాటిచ్చాడట. మాటిచ్చినవాడు తాపీమేస్త్రీ. వారసుడికేమో ఇటుకకీ రాయికీ తేడా తెలీదు. ఇంకేముంది, మేస్త్రీ మేస్త్రీగానూ, వారసుడు కూలీగానూ పని మొదలెడతారు.

నవలకి గుండెకాయ ఈ వేసవే. సామాను కొండమీదికి చేరవెయ్యాలి. రాయి ఏరాలి, మోర్టారు కలపాలి, గోడ లేపాలి, దూలాలెక్కించాలి. ఏళ్ళ తరబడి ముఖాలు చూసుకోని ఇద్దరు మొగాళ్ళు. "ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చావురా?" అని ఒకడు అడగడు, "క్షమించరా" అని ఇంకొకడు అనడు. కావిలించుకుని ఏడవరు, పాటా పాడుకోరు. పొద్దున్నే లేచి రాళ్ళు మోస్తారు. సాయంత్రం నిప్పు ముందు కూర్చుంటారు. గోడ పైకి లేస్తున్నకొద్దీ మధ్యలో పోయిన సంవత్సరాలు పూడుకుంటూ వస్తాయి. పుస్తకం మూసి నేను ఆలోచించింది అక్కడే. మగపిల్లల స్నేహం మాటల్తో పుట్టదు, చేతుల్తో పుడుతుంది.

మా వైపు గోదావరి కాలవ గట్టున నాకో మిత్రుడున్నాడు. వాడు ఊరు విడిచిపెట్టలేదు, నేను ఊళ్ళు పట్టుకు తిరుగుతూనే వున్నాను. నేను వెళ్ళిన ప్రతిసారీ వాడికేదో పని తగులుతుంది. ఒకసారి పశువులపాక కప్పుతున్నాడు. పైన కూర్చుని వాడు చెయ్యి చాచితే, కింద నుంచి నేను తాటాకు అందించాలి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా మా ఇద్దరి మధ్య నడిచిన డైలాగులు ఇవీ: "ఇటియ్యి." "ఇదా?" "అది కాదెహె, పొడుగుది." అంతే! కానీ ఆ రాత్రి అరుగుమీద పడుకున్నప్పుడు, నేను ఊరొదిలి పదేళ్ళయిందన్న సంగతే నాకు గుర్తు రాలేదు. ఇదే విషయాన్ని కొన్యెత్తి ఒక నవల నిండా చెప్పాడు.

ఇల్లు కడుతున్నప్పుడే పియెత్రోకి ఇంకో సంగతి తెలుస్తుంది. తను మొహం చాటేసిన ఆ ఏళ్ళన్నీ తండ్రి కొండలెక్కడం మానలేదు. బ్రూనోని తోడు తీసుకెళ్ళాడు! గోడకి వేలాడే పాత మ్యాపు మీద తిరిగిన దారులన్నీ రంగు పెన్నులతో గీసి వున్నాయి. తండ్రికో రంగు, కొడుక్కో రంగు, బ్రూనోకో రంగు. కొడుకు రంగు ఆగిపోయిన చోటు నుంచి బ్రూనో రంగు సాగిపోయింది. మన సినిమాలో అయితే ఇక్కడ అసూయ పుట్టాలి, ఆస్తి తగాదా రావాలి, కత్తులు తియ్యాలి. ఇక్కడ అదేమీ జరగదు. పియెత్రో ఒక్కొక్క శిఖరమే ఎక్కుతాడు. అక్కడ పెట్టెల్లో దాచివుండే సందర్శకుల పుస్తకాల్లో తండ్రి చేతిరాత వెతుక్కుంటాడు. చచ్చిపోయిన తండ్రితో కొడుకు మాట్లాడడం మొదలెట్టింది అప్పుడు.

అన్నట్టు, సాహసయాత్ర అంటే మన కుర్రాళ్ళకి గుర్తొచ్చేది వేరే సినిమా. 2011లో వచ్చిన "జిందగీ నా మిలేగీ దోబారా". ముగ్గురు స్నేహితులు స్పెయిన్ వెళ్ళి, సముద్రంలో మునిగి, ఆకాశం నుంచి దూకి, ఆంబోతుల ముందు పరిగెడతారు. నాకూ నచ్చిన సినిమాయే! కానీ అక్కడ సాహసం సెలవుల్లో చేసేది. సెలవులైపోయాక ఇంటికి రావచ్చు. ఈ నవల్లో కొండ బ్రూనోకి సెలవు కాదు, సంసారం. పట్నం నుంచొచ్చినవాళ్ళు దేన్ని చూసినా "ప్రకృతి, ప్రకృతి" అంటుంటే బ్రూనోకి నవ్వొస్తుంది. అది పట్నంవాళ్ళ మాటట. తమకి అడవి వుంది, పచ్చిక వుంది, ఏరు వుంది, బండ వుంది, వేలు పెట్టి చూపించగలిగినవి. వాటికే తాము పేరు పెట్టుకుంటారట. ఈ సంగతి మా గోదారి మిత్రుడికి చెబితే, "వాడెవడో మనోడేరా" అన్నాడు.

మేరువు చుట్టూ తిరిగినవాడు

ఇల్లు పూర్తయ్యాక పియెత్రో మళ్ళీ దారి పడతాడు. వాడి పని ఏమిటనుకున్నారు? డాక్యుమెంటరీ చిత్రాలు తియ్యడం! మన బాపతే. ఆ పనిమీద నేపాల్ వెళతాడు, హిమాలయాలు చూస్తాడు. ఏడాదిలో ఏదో ఒక వేళకి బార్మాలో బ్రూనో పక్కన వచ్చి వాలతాడు. ఒకడు వెళుతూ వుంటాడు, ఒకడు వుంటూ వుంటాడు.

నవలకి ఆ పేరెందుకొచ్చిందో చెప్పేది నేపాల్‌లో ఎదురయ్యే ఒక ముసలాయన. వీపున కోళ్ళ బుట్ట మోసుకుపోతున్నాడు. ఆయన నేలమీద ఒక చక్రం గీసి చూపిస్తాడు. లోకానికి నడుమ సుమేరు పర్వతం. చుట్టూ ఎనిమిది కొండలు, ఎనిమిది సముద్రాలు. ఇప్పుడు చెప్పు, ఎనిమిది కొండలూ చుట్టి వచ్చినవాడు ఎక్కువ నేర్చుకున్నాడా, నడుమనున్న మేరువు ఎక్కినవాడు ఎక్కువ నేర్చుకున్నాడా? ఇదీ ఆయన వేసే చిక్కుప్రశ్న. పియెత్రో వచ్చి బ్రూనోకి చెబుతాడు. ఎవరు ఎవరో చెప్పుకోనక్కర్లేదు. తిరిగేవాడు పియెత్రో, మేరువు మీద వున్నవాడు బ్రూనో.

మేరువు అన్న మాట ఇటలీవాడికి కొత్త గాని మనకి కాదు గదా! మన పురాణాల్లో అది బంగారు కొండ, లోకానికి నట్టనడుమ నిలిచిన కొండ. తిరగాలన్న దురదా మనకి కొత్త కాదు. పదహారో శతాబ్దంలో అల్లసాని పెద్దన "మనుచరిత్ర" రాశాడు. అందులో ప్రవరుడు ఎవరు? ఊరి పొలిమేర దాటని ఉత్తముడు. దేశాలు తిరిగొచ్చిన సిద్ధుడు పాదాలకి లేపనం రాస్తే హిమాలయానికి ఎగిరిపోయాడు. మంచుకి లేపనం కరిగింది, తిరుగుదారి మూసుకుపోయింది. వరూధిని వచ్చి ఎదురుగా నిలబడ్డా, ఆ మహానుభావుడికి ఇంటికెట్లా పోవాలన్నదే ధ్యాస! మన సాహిత్యంలో తిరిగే సిద్ధుడూ వున్నాడు, వుండిపోయే ప్రవరుడూ వున్నాడు. పెద్దన వాళ్ళిద్దర్నీ ఒక పూట కలిపి విడగొట్టాడు. కొన్యెత్తి ఇద్దర్నీ ముప్పై ఏళ్ళ స్నేహంలో కట్టిపడేశాడు.

మాట కావలసిన చోట

ఇక కథలో మబ్బులు కమ్మే ఘట్టం. బ్రూనో తాపీపని వదిలేసి బాబాయి పాత పశువులదొడ్డి బాగుచేస్తాడు. తోడుగా లారా అనే అమ్మాయి వస్తుంది. ఆవుల్ని పెంచుతారు, పాలు పితుకుతారు, పాతకాలపు పద్ధతిలో జున్నుగడ్డలు చేస్తారు. మనం ఈనిన ఆవు పాలతో చేసుకునే జున్ను కాదు లెండి, నెలల తరబడి నిలవబెట్టే చీజు. కూతురు పుడుతుంది. కొన్నాళ్ళు బంగారంలాంటి బతుకు.

కానీ లెక్కలు కుదరవు. రెక్కలు ముక్కలయ్యేలా పనిచేసినా అప్పు తీరదు. పని ఒక్కటే తెలిసినవాడికి బ్యాంకు కాగితం మీద అంకెలు శత్రువులు. దొడ్డి పోతుంది. లారా బిడ్డని తీసుకుని కిందికి దిగిపోతుంది. బ్రూనో ఏం చేస్తాడు? తన చేతుల్తో కట్టిన బార్మా ఇంటికి ఎక్కిపోతాడు. మంచు పడే కాలం. మనిషి మసలని ఎత్తు. పియెత్రో వెళ్ళి చూస్తాడు, కిందికి రమ్మంటాడు. కొండ తనకెప్పుడూ కీడు చెయ్యలేదని బ్రూనో ధీమా.

ఆ ఇంటి దగ్గర పియెత్రో ఒకసారి ఒక చిన్న మొక్క నాటాడు. ఆ కొండల్లో మొలిచే ఒక రకం దేవదారు జాతి చెట్టు. దాన్ని చూసి బ్రూనో పెదవి విరిచాడు. మొలిచిన చోట అది ఉక్కులాంటిదట, పెకలించి ఇంకోచోట పెడితే మాత్రం డీలా పడుతుందట. చెట్టు గురించి చెప్పాడో తన గురించి చెప్పాడో చదివేవాళ్ళకి అప్పుడు తెలీదు, తర్వాత తెలుస్తుంది. ముగింపు దాచిపెట్టి లాభం లేదు. ఆ చలికాలం తర్వాత బ్రూనో తిరిగి రాడు. తూటా లేదు, విలన్ లేడు, వొళ్ళో తలపెట్టుకుని చెప్పే చివరి మాట లేదు. మంచు, అంతే.

2024లో వచ్చిన మలయాళ చిత్రం "మంజుమ్మెల్ బాయ్స్" చూశారా? 2006లో కొడైకెనాల్ గుణ గుహల్లో జరిగిన నిజం సంఘటన అది. గుంటలో పడిన స్నేహితుడి కోసం తాడు కట్టుకుని ఇంకో స్నేహితుడు దిగుతాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది! ఆ గుంటకి లోతుంది, చీకటుంది, కంటికి కనపడుతుంది. బ్రూనో పడిన గుంట కనపడదు. అప్పు అనే గుంట, ఓడిపోయాననే గుంట, "నా సంగతి నేను చూసుకుంటా" అనే గుంట. అందులోకి ఏ తాడు వెయ్యాలి?

నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. ఇల్లు కట్టిన వేసవిలో వాళ్ళ మౌనం సిమెంటులా పనిచేసింది. రాయికీ రాయికీ మధ్య మాట అక్కర్లేకపోయింది. కానీ చేతుల్లో పని వున్నంతకాలమే ఆ మౌనం బలం. పని పోయాక అదే మౌనం గొంతుకి ఉరి. బ్రూనోకి అడగడం రాదు. పియెత్రో అడిగాడు గాని, మిత్రుడి పట్టుదలని గౌరవించి ఆగిపోయాడు. ఇది కొత్త కథ కూడా కాదు. పియెత్రో తండ్రి యవ్వనంలో తన ప్రాణమిత్రుణ్ణి హిమపాతంలో పోగొట్టుకున్నాడు. ఆ సంగతి కొడుక్కి ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆ గాయాన్ని లోపల పెట్టుకుని ఒక్కడే శిఖరాల వెంట పరిగెత్తాడు. ఆస్తి ఇచ్చినట్టే ఆ మౌనాన్నీ కొడుక్కిచ్చి పోయాడు!

మరి పియెత్రో ఏం చెయ్యాల్సింది? చెయ్యి పట్టుకుని ఈడ్చుకు రావాల్సిందా? రచయిత తీర్పు చెప్పడు. నేను మాత్రం ఇట్లా అనుకుంటాను. పెద్దవాళ్ళం కావడమంటే స్నేహితుడి బతుకు మనం బతకలేమని వొప్పుకోవడం. కానీ వొప్పుకోవడమంటే నోరు మూసుకోవడం కాదు. వాడి కొండ వాడిదే, ఎక్కనియ్యండి. కాకపోతే నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడండి. వాడికి కోపమొచ్చినా సరే.

తెర మీద

2022లో ఈ నవలని సినిమాగా తీశారు. తీసినవాళ్ళు బెల్జియం దంపతులు, ఫెలిక్స్ వాన్ గ్రూనింగెన్, షార్లొట్ వాండర్‌మీర్ష్. పరభాష సినిమా కోసం ఇటాలియన్ నేర్చుకుని మరీ తీశారు. ఆ ఏడాది కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ బహుమతి ఇంకో చిత్రంతో కలిసి పంచుకుంది. 2023లో ఇటలీ దేశపు దవీద్ దీ దొనతెల్లో అవార్డుల్లో ఉత్తమ చిత్రంగా నిలిచింది. పియెత్రోగా లూకా మరినెల్లి, బ్రూనోగా అలెస్సాంద్రో బోర్గి. ఈ ఇద్దరూ 2015లోనే ఇంకో సినిమాలో స్నేహితులుగా నటించారు. ఆ చనువు ఇక్కడ పనికొచ్చింది. పక్కపక్కన కూర్చుని ఏమీ మాట్లాడకపోయినా మనకి విసుగు పుట్టదు. సినిమాలో పట్నం మిలాన్ కాదు, తూరిన్. పియెత్రో సినిమాలు తీసేవాడు కాదు, రచయిత. ఇట్లాంటి చిన్న మార్పులు తప్ప కథ కథలాగే వుంది.

ఒక తమాషా గమనించండి. కొండల సినిమా అంటే తెర ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరుచుకోవాలనుకుంటాం గదా! 1974లో "అల్లూరి సీతారామరాజు" సినిమాస్కోప్‌లో వచ్చినప్పుడు మన్యం కొండలు తెరంతా పరుచుకుంటే తెలుగువాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. వీళ్ళు సరిగ్గా తిరగేశారు. "మాయాబజార్" రోజుల నాటి దాదాపు చదరపు తెర! వెడల్పు తగ్గిస్తే ఎత్తు తెలుస్తుంది. మనిషి కింద చిన్నగా, కొండ పైకి నిలువుగా. చూసే మనకే మెడ నొప్పెడుతుందేమో అనిపిస్తుంది. నిడివి 147 నిమిషాలు. ఫైటు లేదు, డ్యూయెట్టు లేదు. తొందరపడేవాళ్ళు మొదటి అరగంటలో ఫోను తీస్తారు. ఫోను జేబులో పెట్టి కూర్చోండి, ఇల్లు కట్టే ఘట్టం దాకా ఓపిక పట్టండి. ఆ తర్వాత మీరే లేవరు.

పొగడ్తలే కాదు, నాకో ఫిర్యాదు కూడా వుంది. మగవాళ్ళ మౌనం మీద ఇంత అందంగా రాసిన పుస్తకంలో ఆడవాళ్ళు మాట్లాడేది తక్కువ. బ్రూనో మేరువు మీద వుండిపోయాడంటే, కింద బిడ్డనెత్తుకుని రేపటి ఖర్చు లెక్కేసుకునేది లారా. తండ్రి శిఖరాల వెంట పరిగెడుతుంటే, ఇరుగుపొరుగుతో సంబంధం తెగకుండా చూసింది, బ్రూనోకి చదువు నేర్పింది పియెత్రో తల్లి. అసలు ఈ కథలో మనుషుల మధ్య తెగిన దారాలు ముడేసిన మనిషి ఆవిడే. వాళ్ళ వైపు నుంచి ఇదే కథ ఎవరైనా చెబితే బాగుండుననిపించింది. చదివే అమ్మాయిలు నాతో ఏకీభవిస్తారనుకుంటాను.

మన భాషలో ఇట్లాంటి స్నేహాల కథలు రావడం లేదా అంటే, వస్తున్నాయి. 2018లో తరుణ్ భాస్కర్ "ఈ నగరానికి ఏమైంది?" తీశాడు. నలుగురు కుర్రాళ్ళు తాగిన మత్తులో గోవా వెళ్ళి, చిన్న సినిమా ఒకటి తీస్తూ తమ పాత స్నేహాన్ని అతికించుకుంటారు. చూడండి, అక్కడా అతికించింది కబుర్లు కాదు, కలిసి చేసిన పని! కాకపోతే అది పాతికేళ్ళ వయసు కథ. నలభై ఏళ్ళ వయసు కథ మనకింకా బాకీ వుంది. ఊళ్ళో వుండిపోయినవాడూ, ఊరొదిలినవాడూ, మధ్యలో కౌలు అప్పులూ, అమెరికా జీతాలూ. ఏ కుర్ర దర్శకుడైనా ఇది చదువుతుంటే, కథ ఎక్కడో ఆల్ప్స్‌లో వెతకక్కర్లేదు నాయనా, కాలవ గట్టున వుంది.

ఇక సెలవు. పుస్తకం దొరికితే చదవండి, సినిమా దొరికితే చూడండి. రెండూ దొరక్కపోయినా ఒక పని మాత్రం చెయ్యండి. మీకూ ఒక బ్రూనో వుండేవుంటాడు. ఈ ఆదివారం మ్యాట్నీకి ముందు వాడికి ఫోను చెయ్యండి. "ఏరా, ఎట్లా వున్నావు?" అని అడగండి. "బాగానే వున్నాన్రా" అంటాడు. మగవాడు కదా, అట్లాగే అంటాడు. ఫోను పెట్టెయ్యకండి. ఇంకోసారి అడగండి.